ఆడ ముద్ద

"నీ రాత గుండ్రంగా ఉంటది లీదియా, పలక నువ్వే రాయి," అన్నాడు సుందరరాజు.

లీదియా అప్పుడు సంగటి కెలుకుతోంది. కుండను రెండు పాదాల మధ్య ఒడిసిపట్టి, నడుములో ఉన్న బలమంతా తెడ్డు మీదికి తెచ్చి తిప్పాల్సిన సమయం అది. కాసేపు ఆపితే పిండి ఉండలు కడుతుంది. అయినా ఆపింది. భర్త పిలిచినప్పుడు ఆపకపోతే తర్వాత వినాల్సి వచ్చే మాటలు ఆ ఉండలకంటే గట్టిగా ఉంటాయని పెళ్ళయిన కొత్తలోనే తెలుసుకుంది.

బయట గుంజకు ఆనించి ఒక రాతిపలక ఉంది. తలుపు రెక్కంత పెద్దది. గని మేస్త్రీని అడిగి సుందరరాజు బండి మీద తెప్పించాడు. మార్కాపురంలో పలకలకేం కరువు! ఏ ఇంటి గుమ్మంలో చేయి పెట్టినా ఆ నల్లటి పొడే అంటుకుంటుంది. గనుల్లో రాయి తవ్వేవాళ్ళు, పొరలుగా చీల్చేవాళ్ళు, తట్టల్లో మోసేవాళ్ళు, పలకల పెట్టెలు స్టేషనుకు తోలే బండ్లవాళ్ళు మధ్యాహ్నం పూట ఈ హోటలుకే వస్తారు.

"ఏం రాయాలి?" అంది సుద్దముక్క అందుకుని.

"పైన మగ ముద్ద అని రాయి. దాని కింద ఆడ ముద్ద అని."

ఆమె చేయి ఆగింది. "ఇన్నాళ్ళూ అందరికీ ఒకటే ముద్ద కదా?"

సుందరరాజు నవ్వాడు. హోటలు పెట్టకముందు అతను మిషను బంగళాలో బట్లరు. ఇప్పటికీ దొరలకు అవసరం పడితే వెళ్ళి వండిపెట్టి వస్తాడు. కిందటి నెలలో వాళ్ళతో మద్రాసు వెళ్ళి వచ్చాడు. అక్కడి నుంచి కొత్త చొక్కా, కొత్త ఆలోచన తెచ్చుకున్నాడు.

"మద్రాసులో హోటళ్ళ ముందర బోర్డులుండాయి. ఫుల్లు భోజనం, ఆఫ్ భోజనం అని. ఎవురికేం కావాల్నో వాళ్ళే అడుగుతారు. మనం తక్కువ పెట్టినామని ఒక్కరూ అనరు. దేనికైనా పేరుండాల లీదియా. పేరుంటే మనిషి దాన్ని బట్టి అడుగుతాడు."

"అట్లయితే పెద్దది, చిన్నది అని రాస్తే సరిపోదా?"

"చిన్నది అంటే ఎవురు తీసుకుంటారే? దుడ్డిచ్చి చిన్నది తిన్నామంటే నామోషీ కాదా? ఆడ ముద్ద అంటే ఏ నామోషీ లేదు. ఆడోళ్ళు ఆడ ముద్ద తింటారు, దుడ్డు కూడా కొంచెం తక్కువ ఇస్తారు. అంతే."

లోపల చింతపండు పిసుకుతున్న అత్త ఎలీషబా అక్కణ్ణించే అందుకుంది. "ఆడదానికి మగోడంత ముద్దేందిరా, పెట్టినా అరగదు. మంచి పని చేస్తాండావు నాయనా."

లీదియా రాసింది. బోర్డింగు బడి విడిచిన తర్వాత ఆమె చేతికి సుద్దముక్క దొరకడం అదే మొదలు. మొదటి అక్షరం కొంచెం వణికింది. రెండోది నిలబడింది. 'ద్ద' కింద ఒత్తును టీచరమ్మ నేర్పినట్టే తిప్పింది. రాసి రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. నల్లటి రాతి మీద తెల్లటి అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. తన చేతిలో ఇంకా ఇది మిగిలి ఉందా అనుకుంది. ఆ సంతోషంలో రాసిన మాట ఏమిటన్నది కాసేపు ఆమెకు పట్టలేదు.

ఆ హోటలంటే చుట్టుపక్కల ఉన్న క్రైస్తవ కుటుంబాలకు గౌరవం. గౌరవం ఉండాల్సిన కారణమూ ఉంది. ఊళ్ళో ఉన్న మిగతా హోటళ్ళలో వాళ్ళకు లోపల చోటు లేదు. అరుగు కింద నిలబడి, దోసిలి పట్టి, పైనుంచి పోసింది తాగి పోవాలి. సుందరరాజు మొదటిసారి తాటాకు పందిరి వేసి, బల్లలు వేసి, మోదుగాకు విస్తరి పరిచి, "కూర్చోండి నాయనా, కూర్చొని తినండి," అన్నప్పుడు పెద్దవాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. గుళ్ళో పాస్టరుగారు ఆదివారం ప్రార్థనలో అతని పేరెత్తి స్తోత్రం చెప్పాడు. "మనవాళ్ళు తలెత్తుకుని తినే చోటు ఒకటుండాల" అని సుందరరాజు ఎప్పుడూ అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా లీదియాకు కూడా ఛాతీ నిండినట్టుండేది. అది నిజంగా మంచి మాటే. మనవాళ్ళు అన్నప్పుడు అతని కళ్ళ ముందు ఎవరి ముఖాలు కదులుతాయో అడగాలని మాత్రం అప్పట్లో ఆమెకు తోచలేదు.

వంటింటికీ బల్లలకూ మధ్య ఒక తడిక అడ్డం. లీదియా లోకమంతా ఆ తడిక సందుల్లో నుంచి కనిపించేదే. తెల్లవారకముందే జొన్నలు విసరడం మొదలు. తర్వాత పొయ్యి, పప్పు, గోంగూర, ఉలవచారు. ఆకలి వేళకు వంద చేతులు ముందుకు చాచినట్టుండేది. "ముద్దా!" అని సుందరరాజు కేక. కొయ్యగిన్నెలో సంగటి అదిమి, విస్తరిలో బోర్లించి, పప్పుకు గుంట చేసి తడిక పక్కనుంచి అందించడం ఆమె పని. అందుకున్న చేతులే గాని ముఖాలు సగమే కనిపించేవి. తిన్నవాళ్ళు సుందరరాజుతో, "సంగటి బాగుందన్నా," అనేవాళ్ళు. అతను, "దేవుని కృప," అనేవాడు. మధ్యలో ఎవరో ఒకరు సంగటి కెలికి ఉంటారన్న సంగతి దేవుడికీ అన్నకీ మధ్య జారిపోయేది.

ఆ ఇంట్లో ఆమెతో మాటలంటే పనుల మాటలే. ఉప్పు చాలిందా, కట్టెలున్నాయా, నీళ్ళు తెచ్చావా. పగలంతా అంత జనం మధ్య ఉండి కూడా సాయంత్రానికి తన గొంతు తనకే కొత్తగా వినిపించేది.

ఒక్క మణెమ్మ మాత్రం వేరు. మణెమ్మది పుల్లలచెరువు పక్క పల్లె. మొగుడు ఎజ్రాతో కలిసి గనిలో పనికి వచ్చేది. అతను రాయి తవ్వుతాడు, ఆమె తట్టకెత్తుకుని గట్టు మీదికి మోస్తుంది. తినడం అయ్యాక చేయి కడుక్కోవడానికి అందరిలా బయట తొట్టి దగ్గరికి పోకుండా వంటింటి వెనక్కి వచ్చేది. "వదినా, ఈ పూట పప్పులో ఏమేసినావు? వేళ్ళు కూడా తినేసేటట్టుండాది," అనేది. కాసేపు గుమ్మంలో కూర్చుని గనిలో కబుర్లు చెప్పేది. లీదియా చేస్తున్న పని ఆపకుండా వినేది. మణెమ్మ బాగా తినేది. తిని ఇంకొంచెం అడిగేది. అడిగేటప్పుడు మొహమాటం ఉండేది కాదు. నోరారా తినే ఆడమనిషిని చూడటం లీదియాకు ఒక వింత సుఖంగా ఉండేది.

ఎందుకంటే తను అట్లా తిని ఏళ్ళయింది. చిన్నప్పుడు అమ్మ కృపావరం ఎర్రగొండపాలెం అవతల అడవి అంచు పల్లెల్లో బైబిలు చదివి వినిపించే పని చేసేది. వానలు లేని ఏడు ఒక్క ముద్దే దొరికినా దాన్ని సరిగ్గా మధ్యకు విరిచి, రెండు సగాల్నీ చూసి, "ఏది కావాల్నో నువ్వే తీసుకో," అనేది. తర్వాత బోర్డింగు బడి. అక్కడ అందరూ ఆడపిల్లలే. మేట్రనమ్మ గరిటె అందరికీ ఒకటే. ఆకలి ఒక తప్పని గాని, దానికి ఆడా మగా ఉంటాయని గాని లీదియాకు ఈ ఇంటికి వచ్చేదాకా తెలియదు. వచ్చిన రోజే తెలిసింది. విస్తరి ముందు కూర్చుని సంగటి కొంచెం ఎక్కువ పెట్టుకుంటే అత్త నవ్వుతూనే అంది, "మీ అమ్మ నీకు కూడు పెట్టేది కాదా ఏంది?" చుట్టూ ఉన్న ఆడబడుచులు కూడా నవ్వారు. ఎవరూ కోప్పడలేదు, ఎవరూ లాక్కోలేదు. మరునాటి నుంచి ఆమె చేయి దానంతట అదే చిన్నదయింది. కడుపుతో ఉన్నప్పుడు, "ఎక్కువ తినకు, లోపల బిడ్డకు ఊపిరాడదు," అంది అత్త. నమ్మింది. పుట్టిన బిడ్డ అరచేతిలో పట్టేంత ఉంది. ఏడ్చే ఓపిక కూడా లేకుండా కొద్ది దినాలు ఉండి పోయింది. దేవుని చిత్తం అన్నారు. మొగుడు భుజం మీద చేయి వేసి, "ఏడవకు, మళ్ళీ ఇస్తాడు," అన్నాడు. మళ్ళీ ఇవ్వలేదు.

పలక నిలబెట్టిన తర్వాత కేకలు మారాయి. వచ్చేవాళ్ళలో చదవగలిగేవాళ్ళు తక్కువే కాబట్టి సుందరరాజే గుమ్మంలో నిలబడి, "మగ ముద్దా, ఆడ ముద్దా?" అని అడిగేవాడు. అందరి ముందూ, నవ్వు ముఖంతో. లోపలికి, "రెండు మగ, ఒక ఆడ!" అని కేక వేసేవాడు. వంటింట్లోకి కొత్తగా ఒక చిన్న కొయ్యగిన్నె వచ్చింది. దానితో అదిమిన సంగటి విస్తరి మధ్యలో దిక్కులేనిదానిలా కనిపించేది.

మొదటి రోజున ఎల్లమ్మ ఒక్కతే ఎదురు తిరిగింది. ఆమె ముసలి విధవ, మగవాళ్ళకు తీసిపోకుండా రాళ్ళు మోసే మనిషి. "నాకు మగ ముద్దే పెట్టు నాయనా," అంది. బల్లల మీద నవ్వులు పేలాయి. "ఎల్లమ్మత్తా, మీసాలు మొలుస్తాయి చూసుకో!" అన్నాడు ఒకడు. "పంచె కూడా ఇయ్యండ్రా అత్తకు!" అన్నాడు ఇంకొకడు. ఎల్లమ్మ కూడా నవ్వింది. ముద్ద తిన్నది కూడా. కాని మరునాడు సుందరరాజు అడగకముందే, "ఆడ ముద్దే లేరా," అంది. ఆ తర్వాత ఇంకే ఆడదీ పెద్దది అడగలేదు.

లీదియా తడిక సందులోంచి చూస్తుండేది. ఎవరూ ఎవరినీ వద్దనడం లేదు. పొద్దున్నుంచి తలమీద రాయి మోసి, మెడనరాలు తాళ్ళలా లేచినవాళ్ళు తమంతట తామే వచ్చి, తమ నోటితోనే చిన్న ముద్ద అడిగి తింటున్నారు. తిన్నాక విస్తరిని వేలితో తుడిచి నాకుతున్నారు. అటు బల్ల మీద చలిజ్వరం పడి లేచిన దావీదు తాతకు నాలుగు కబళాలు కూడా లోపలికి పోవడం లేదు. అయినా ఆడ ముద్ద అడిగితే తోటివాళ్ళు బతకనివ్వరు. మగ ముద్దే అడిగి, సగానికి సగం విస్తరిలో వదిలేసి లేస్తున్నాడు. మిగిలింది పెరట్లో గుంటలోకి పోతోంది. రెండే రెండు మాటలు. వాటిని రాసింది తన చేయే.

మణెమ్మ కూడా మారింది. చేయి కడుక్కోవడానికి వెనక్కి వస్తూనే ఉంది గాని మారు అడగడం మానేసింది. ఒక రోజు గొంతు తగ్గించి చెప్పింది, "నెల తప్పింది వదినా. ఊరికే ఆకలయితాంది. గట్టెక్కేటప్పుడు కండ్లు తిరుగుతాండాయి."

"మరి పెద్దది అడగరాదా?"

"అడిగితే ఆయప్పకు కోపం. నలుగురిలో నా పరువు తీస్తావా అంటాడు." నవ్వింది. "నాకూ నోరు రాదులే. మగ ముద్ద అని ఎట్ల అడగాల?"

లీదియా వెనక్కి చూసింది. అత్త పొయ్యి దగ్గరే ఉంది. మళ్ళీ గిన్నెలు తోమడంలో పడింది.

కొన్నాళ్ళకు, మధ్యాహ్నం జనం పలచబడ్డాక, కుడితి నీళ్ళు పారబోయడానికి పెరట్లోకి వెళ్ళింది. గుంట దగ్గర ఎవరో ఇటు వీపు పెట్టి గొంతుక్కూర్చుని ఉన్నారు. మణెమ్మ. ముందర నేల మీద మడత విప్పిన విస్తరి ఉంది. అందులో ఎవరో కొరికి వదిలేసిన సగం ముద్ద, పప్పు మరకలు. గబగబా తింటోంది. అడుగుల చప్పుడు విని తల తిప్పింది. బుగ్గలు రెండూ నిండి ఉన్నాయి. మింగడానికి కాసేపు పట్టింది.

"కుక్కలకు పడేద్దామని వచ్చినా వదినా," అంది.

"అట్లనా," అంది లీదియా.

లోపలికి రా, నేను పెడతాను అనాలని నోటిదాకా వచ్చింది. అంటే చూశానని చెప్పినట్టవుతుంది. అనకపోతే వదిలేసి పోయినట్టవుతుంది. రెండింటి మధ్యా నిలబడిపోయింది. ఆ లోపలే మణెమ్మ విస్తరిని ఉండచుట్టి గుంటలోకి విసిరి, కొంగుతో మూతి తుడుచుకుని, ఎటూ చూడకుండా వెళ్ళిపోయింది. కుడితి కుండ లీదియా చేతిలోనే ఉండిపోయింది.

మరునాడు ఎజ్రా ఒక్కడే వచ్చాడు. ఆ తర్వాతా ఒక్కడే.

ఒక సాయంత్రం మొగుడి కాళ్ళకు నీళ్ళు పోస్తూ లీదియా కదిపింది. "ఆడోళ్ళకు ముద్ద చాలడం లేదు."

"ఎవురన్నారు?"

ఆ పేరు చెప్పకూడదు. చెబితే రేపు హోటలంతా పాకుతుంది. గుంట దగ్గర చూసింది చెప్పగలిగితే మొగుడు కూడా చలించేవాడేమో. అతను చెడ్డవాడు కాడు. కాని ఆమె దగ్గర ఉన్న ఒకే ఒక్క గట్టి మాట బయట పెట్టడానికి వీల్లేని మాట.

"చూస్తే తెలుస్తుంది కదా," అంది.

"నేనేమన్నా వద్దన్నానా? పెద్దది అడగండి, పెడతా. వాళ్ళే చిన్నది అడుగుతాండారు. వాళ్ళకు లేని బాధ నీకేంది?" అని అతను కాళ్ళు తుడుచుకున్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు.

ఆమె ఖాళీ చెంబు తీసుకుని లోపలికి నడిచింది. వాళ్ళే అడుగుతున్నారు. అవును. తను కూడా ఈ ఇంట్లో అడిగి ఎరగదు. ఎవరైనా వచ్చి, నీకు తక్కువైందా అని అడిగితే, చాలు అనే చెబుతుంది. అంత మంచిగా, అంత నవ్వుతూ, ఒక్క దెబ్బ కొట్టకుండా, ఒక్క తలుపు మూయకుండా మనిషి చేతనే చాలు అనిపించడం ఎట్లా జరుగుతుందో చెప్పడానికి ఏ మాటలు కావాలో ఆమెకు తెలియదు. చెప్పుకోవడానికి మనిషీ లేదు. అమ్మ పోయింది. బోర్డింగులో స్నేహితురాళ్ళు ఏ ఊళ్ళలో ఏ పొయ్యిల ముందున్నారో తెలియదు. పెరట్లోకి వచ్చే ఒక్క మనిషీ రావడం మానేసింది. ప్రార్థన చేసుకుందామని కళ్ళు మూసుకుంటే, దేవుడు కూడా మొగుడి గొంతుతోనే వాళ్ళే అడుగుతాండారు కదా అంటాడేమో అని భయం వేసింది.

అంతలో దొరలు నల్లమలలో వేటకు పోతూ వంటకు సుందరరాజును పిలిచారు. అతను సామాను సర్దుకుని, గుమ్మంలో దుడ్ల పెట్టె దగ్గర తల్లిని కూర్చోబెట్టి, వడ్డన లీదియాకు చెప్పి వెళ్ళాడు. అడవిదారిలో బండ్లు కనుమరుగయ్యేదాకా అత్తాకోడళ్ళు చూశారు. అత్త లోపలికి పోగానే లీదియా తడిగుడ్డ తీసుకుని పలక దగ్గరికి వచ్చింది. రెండు మాటలూ తుడిచింది. నీళ్ళు ఆరేదాకా ఆగింది. పైన 'ముద్ద' అని రాసింది. కింద 'చిన్న ముద్ద' అని రాసింది. గిన్నెలు అవే. ధరలూ అవే. ఎలీషబాకు చదువు రాదు. కోడలు అక్షరాలు మళ్ళీ దిద్దిందనుకుంది.

ఆకలి వేళకు లీదియా తడిక దాటి బయటికి వచ్చింది. అన్ని ముఖాలు నిండుగా చూడటం ఆమెకు అదే మొదటిసారి. కొంగు నడుములో దోపుకుంది.

"ముద్దా, చిన్న ముద్దా?" అని అడిగింది.

"చిన్న ముద్దేంది?" అన్నాడొక బండివాడు. "చిన్నపిల్లోళ్ళమా? ముద్దే పెట్టు."

ఎల్లమ్మ వంతు వచ్చింది. అలవాటుగా ఆడ అనబోయి ఆగింది. "అదేంది పిల్లా, ఆడ ముద్ద లేదా ఈ పొద్దు?"

"లేదత్తా. ముద్ద ఉంది, చిన్న ముద్ద ఉంది."

"నాకు చిన్నదెందుకు? ముద్ద పెట్టు," అంది ఎల్లమ్మ చాలా మామూలుగా. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అందులో ఏమీ లేదు. పక్కనున్నావిడ, "నాకూ ముద్దే," అంది. ఆ పక్కావిడ కూడా. దావీదు తాత మాత్రం గొంతు సవరించుకుని, "నాకు నోరు బాగలేదమ్మా, చిన్నది చాలు," అన్నాడు. ఎవరూ అతన్నీ ఏమనలేదు. విస్తరి ఖాళీ చేసి లేచాడు.

లీదియా లోపలికి వచ్చి గోడకు ఆనుకుంది. ఒక్క మాట. అంతే. ఆడ అన్న ఒక్క మాట తీసేస్తే అంతమంది ఆడవాళ్ళకు ఆకలి తిరిగి వచ్చింది. సంతోషం పొంగుకొచ్చింది. చెప్పుకుందామని చుట్టూ చూస్తే పొయ్యి ఉంది, కుండలున్నాయి, అత్త గొణుగుడు ఉంది. "పెద్ద గిన్నె ఒకటే తిరుగుతాందేంది?"

"వాళ్ళు అడిగిందే పెడుతున్నాను అత్తా," అంది. మొగుడి జవాబే ఆమె నోట వచ్చింది.

ప్రతి మధ్యాహ్నం మణెమ్మ కోసం చూసింది. చివరికి ఎజ్రానే అడిగింది. "మణెమ్మ రావడం లేదేం తమ్ముడూ?"

"పుల్లలచెరువు పోయిందక్కా, వాళ్ళ నాయనింటికి. ఇక్కడ పని చేయలేనంటాంది. కాన్పు అయినంక వస్తాదేమో," అన్నాడు ఎజ్రా తింటూనే.

"అక్కడ బాగా తింటాందా?"

ఎజ్రా వింతగా చూశాడు. "తినక ఏం చేస్తాది?" అని పప్పు పోయించుకున్నాడు.

ఎవరి కోసం ఆ మాట తుడిచిందో ఆ మనిషి దాన్ని చూడనే లేదు.

సుందరరాజు అడవి నుంచి ఎండకు కమిలి, హుషారుగా తిరిగి వచ్చాడు. ఆ పూట ఏమీ అనలేదు. పలక చూశాడు, పెట్టె చూసుకున్నాడు, వచ్చినవాళ్ళతో మాట్లాడాడు. మరునాడు మధ్యాహ్నం జనం వెళ్ళిపోయాక వంటింట్లోకి వచ్చి పీట వేసుకుని కూర్చున్నాడు.

"నష్టమేం లేదులే," అన్నాడు మెత్తగా. "ఇంకా నాలుగు దుడ్లు ఎక్కువే వచ్చినాయి. కానీ మగోళ్ళు అంటాండారు. మా ఆడోళ్ళు మాతో సమానంగా కూర్చొని సమానంగా తింటాండారు, ఇంటికాడ కూడా అట్లనే అడుగుతాండారు, నీ హోటలు వాళ్ళను చెడగొడతాంది అని. నలుగురిలో మాట పడే పని చేసినావు లీదియా. రేపు పొద్దున్నే మళ్ళీ ఎప్పటి మాదిరే రాయి."

ఆమె పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది.

"నేను నీకేం తక్కువ చేసినా?" అన్నాడు. అతని గొంతులో నిజమైన బాధ ఉంది. "తాగనా? కొట్టినానా? చెప్పు."

లేదు అన్నట్టు తల ఊపింది. అతను తేలికపడి, లేచి వెళ్ళి పందిట్లో తుండు పరుచుకుని పడుకున్నాడు. అత్త అప్పటికే కునుకు తీస్తోంది.

అందరిదీ అయిపోయింది కాబట్టి లీదియా తన విస్తరి వేసుకుంది. కుండ అడుగున సంగటి ఇంకా వెచ్చగా, చాలినంత ఉంది. గిన్నెతో తీసుకుంది. విస్తరిలో బోర్లించాక చూసుకుంది. చిన్న గిన్నె.

ఎవరూ చూడటం లేదు. ఎవరూ అడగలేదు. ఆ రెండు గిన్నెలూ పక్కపక్కనే ఉంటే చేయి దానికదే అటు పోయింది. ఇన్నాళ్ళుగా బయట, ముద్దా చిన్న ముద్దా అని అందరినీ అడుగుతూ, అందరి విస్తర్లూ నింపుతూ, లోపలికి వచ్చి ప్రతి పూటా తను దీనితోనే తిన్నదని అప్పుడు తెలిసింది. బయట పలక మీద మాట తడిగుడ్డకు పోయింది. తన లోపల రాసిన మాట అట్లానే ఉంది; దాన్ని రాసింది ఒక్కరు కాదు. నవ్వుతూ అన్న అత్త, పక్కన నవ్విన ఆడబడుచులు, భుజం మీద చేయి వేసిన మొగుడు, అందరూ తలో అక్షరం రాశారు. ఏళ్ళ తరబడి తనే దాన్ని రోజుకు రెండు పూటలు దిద్దుకుంటూ వచ్చింది. ఆ బిడ్డ ఎందుకు అంత చిన్నగా పుట్టిందో ఆమెకు ఆ మధ్యాహ్నం, వెచ్చటి ముద్ద ముందు, మొదటిసారి అర్థమైంది. చాలాసేపు చేయి పెట్టలేకపోయింది. ఏడుపు వచ్చింది గాని ఎవరైనా లేస్తారేమోనని చప్పుడు చేయకుండా ఏడ్చింది. అట్లా ఏడవడం కూడా ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

పొద్దున్నే సుందరరాజు సుద్దముక్క చేతికిచ్చాడు.

"మీరే రాసుకోండి," అంది లీదియా.

"నా రాత నీ రాతంత బాగుండదు కదా."

"ఆ మాటకు నా రాత అక్కర్లేదు."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. గొడవ పెట్టుకుందామా వద్దా అని ఆలోచించి, వద్దనుకుని, తనే రాశాడు. అక్షరాలు ఒక పక్కకు ఒరిగాయి. అయినా అర్థం మారలేదు. మధ్యాహ్నానికి మళ్ళీ అదే నవ్వు ముఖం, అదే ప్రశ్న, అవే కేకలు. ఎల్లమ్మ, "ఆడ ముద్దేలే," అనడం తడిక ఇవతలికి వినిపించింది. మిగతావాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు అదే అన్నారు. కొద్దిరోజుల కిందట అంత మామూలుగా ముద్ద అడిగిన నోళ్ళే.

లీదియా అందరికీ అందించింది. చివరి విస్తరి కూడా పోయాక చేతులు కడుక్కుని, ఒక విస్తరి తీసుకుని, పెద్ద గిన్నె నిండా సంగటి అదిమి బోర్లించింది. పప్పు వేసుకుంది. "ఎవురికే అది?" అంది అత్త. లీదియా తడిక పక్కకు జరిపి బయటికి వచ్చి, ఆడవాళ్ళు కూర్చున్న బల్ల చివర కూర్చుంది.

హోటలామె వచ్చి పక్కన కూర్చునేసరికి ఆడవాళ్ళు గౌరవంతోనో భయంతోనో జరిగారు. ఆమెకు అటూ ఇటూ ఖాళీ ఏర్పడింది. ఎవరూ పలకరించలేదు. ఎల్లమ్మ కూడా తన విస్తరిలోకే చూసుకుంటోంది. మగవాళ్ళ బల్ల మీద ఎవరో చిన్నగా దగ్గారు.

సుందరరాజు గబగబా వచ్చి వంగి, గొంతు తగ్గించాడు. "ఏందిది? లోపల తినొచ్చు కదా. అందరూ చూస్తాండారు."

"ఆకలయితాంది," అంది లీదియా. సంగటి విరిచి పప్పులో అద్దుకుంది.

అతను విస్తరి వైపు చూశాడు. కోపంకంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది అతని ముఖంలో.

"అంతా తింటావా నువ్వు?"

ఆమె చేయి నోటి దగ్గర ఆగింది.

"తెలీదు," అంది. "ఎప్పుడూ తిని చూడలేదు."